పౌలింగు సూత్రములు - వాని హద్దులు

లైనస్ పౌలింగు రచించిన ‘ది నేచర్ ఆఫ్ ది కెమికల్ బాండ్’ 1939లో వెలువడినది. మూడవ కూర్పు 1960లో వచ్చినది. స్ఫటికములలో పరమాణువులు ఎట్లు అమరియున్నవో ఎక్సు కిరణములు తెలిపినవి. అవి అట్లే ఏల అమరినవో చెప్పబూనుట ఈ గ్రంథము చేసిన మేలు. వజ్రములో ప్రతి కర్బన పరమాణువు చుట్టును నాలుగు కర్బనములు 1.54 ఆంగ్‌స్ట్రాముల దూరమున నిలుచుటను సంకర ఆర్బిటాళ్ల భావముతో వివరించిన తీరు నేటికిని విద్యార్థికి తొలి పాఠమే.

అయాను స్ఫటికముల అధ్యాయమును మాత్రము జాగ్రత్తగా చదువవలెను. ధన అయాను వ్యాసార్ధమును ఋణ అయాను వ్యాసార్ధముచే భాగింపగా వచ్చు నిష్పత్తి 0.414కును 0.732కును నడుమ నున్నచో చుట్టును ఆరు పొరుగు అయాన్లు, అంతకు మించినచో ఎనిమిది, తగ్గినచో నాలుగు అని లెక్క. మన వంటింటి ఉప్పులో నిష్పత్తి 0.52, సోడియము చుట్టును ఆరు క్లోరినులే కలవు. సీసియము క్లోరైడులో 0.93, అక్కడ ఎనిమిది. లెక్క కుదిరినది.

ఇక పొటాసియము ఫ్లోరైడును తీసికొందము. పౌలింగు ఇచ్చిన వ్యాసార్ధముల ప్రకారమే నిష్పత్తి 0.98. ఎనిమిది రావలెను, ఉన్నవి ఆరు. లిథియము అయొడైడులో నిష్పత్తి 0.28. నాలుగు రావలెను, అక్కడను ఆరే.

కారణమేమి? అయాన్లు గట్టి గోళీలు కావు. ఎలక్ట్రాను మేఘమునకు గీత గీచినట్టి అంచు లేదు. పైగా విద్యుదాకర్షణను లెక్కించు మాడెలుంగు స్థిరాంకము ఉప్పు అమరికకు 1.748, సీసియము క్లోరైడు అమరికకు 1.763; భేదము నూటికి ఒకటికంటె తక్కువ. ఇంత స్వల్పభేదమును ఇతర బలములు సులువుగా తారుమారు చేయగలవు.

గ్రంథకర్త ఈ చిక్కును దాచలేదు. లిథియము లవణములలో ఋణ అయాన్లు ఒకదానినొకటి తాకుటను ఆయనే చర్చించినాడు. దోషము తరువాతి పాఠ్యపుస్తకములది. పెక్కింటిలో మినహాయింపులు రాలిపోయి, లెక్క ఒక్కటే శాసనమై నిలిచినది. భాగహారము చేసిన విద్యార్థి నిర్మాణము తెలిసినదనుకొనును. పౌలింగు 1929లో ప్రకటించిన సూత్రములు అయిదు. 2020లో సుమారు 5,000 ఆక్సైడులను పరీక్షింపగా, వానిలో చివరి నాలుగింటిని ఏకకాలమున పాటించినవి 13 శాతమే అని తేలినది.

అందుచే సూత్రమును త్రోసివేయ నక్కరలేదు. తెలియని స్ఫటికమును ఊహించుటకు అది మంచి తొలి మెట్టు. అయితే ఉప్పును ఉదాహరణగా చూపు ఉపాధ్యాయుడు పొటాసియము ఫ్లోరైడును కూడ నల్లబల్లపై వ్రాయవలెను. సూత్రము ఎంతటి మహనీయునిదైనను, కొలిచి చూచిన నిర్మాణమునకు లోబడవలసినదే యని విద్యార్థికి అప్పుడు బోధపడును.