కుంజరశబ్దము - ధర్మరాజు త్రికరణశుద్ధి

ద్రోణవధకథ నెఱుఁగని తెలుఁగువాఁడు లేఁడు. సగము నిజము పలికి తక్కిన సగమును గొంతులో నడఁచుకొనువానిఁ జూచి, వీఁడును ధర్మరాజువలెనే కుంజరమును మెల్లగాఁ బలుకుచున్నాఁడని పల్లెలలో సైతము వేళాకోళము చేయుదురు. ఇంత ప్రసిద్ధమైన ఘట్టమును మరల విచారింపనేల యని విజ్ఞు లడుగవచ్చును. ఆ ప్రసిద్ధియే నా విచారమునకుఁ గారణము. లోకమునఁ జెల్లుచున్న కథకును మూలమునకును ఒకచోట భేదము కలదు. అది చూచుటకుఁ జిన్నదియే కాని, ధర్మరాజు శీలమును గూర్చిన నిర్ణయమంతయు దానిమీఁదనే నిలిచియున్నది.

నా చిన్ననాఁట హరికథలలో వినిన కథ యిట్లుండెను. ధర్మరాజు సత్యమునే పలుకఁబోయెను. కుంజర మను మాట యాతని నోట వెలువడునంతలో శ్రీకృష్ణుఁడు శంఖమును పూరించెను. ద్రోణుని చెవికిఁ దొలిసగమే సోఁకెను. ఈ కల్పన వినువారికి హాయిగా నుండును. తప్పంతయు శంఖమునకుఁ బోయినది గదా! కాని పుణ్యపట్టణమందలి భండార్కరు ప్రాచ్యవిద్యా సంశోధన సంస్థవారు 1919లో నారంభించి 1966లో ముగించిన భారతపరిష్కరణమునందు స్వీకృతపాఠమున శంఖము లేదు. ధర్మరాజే యా తుదిమాటను అవ్యక్తముగాఁ బలికెనని యచటఁ గలదు. స్వరమును దగ్గించినవాఁ డాతఁడే. విరాటపర్వము మొదలు 15 పర్వములను దెనిఁగించిన తిక్కన సోమయాజి శిల్పమును గూర్చిన చర్చ వేఱొక వ్యాసమునకుఁ దగినది గనుక, ఇచటఁ గథామూలమును మాత్రమే యాధారముగాఁ గొనుచున్నాను.

యుద్ధము 15వ నాఁటికి వచ్చినది. ద్రోణుఁడు పాండవసేనను దహించుచుండెను. ఆయనచేత శస్త్రములను విడిపింపవలెనన్నఁ గుమారుఁడు చచ్చెనని వినిపింపవలయునని కృష్ణుఁడు చెప్పెను. అర్జునున కిది రుచింపలేదు. ఇతరులు సమ్మతించిరి. ధర్మరాజు కష్టముమీఁద నొడఁబడెను. భీముఁడు తమ పక్షముననే యున్న మాళవరాజగు నింద్రవర్మ యేనుఁగును, అశ్వత్థామ యను పేరుగలదానిని, గదతోఁ గొట్టి చంపి, సిగ్గుపడుచునే ద్రోణుని చెంతకుఁ బోయి యశ్వత్థామ హతుఁడయ్యెనని కేక వేసెను. ద్రోణుఁడు నమ్మలేదు, తన కొడుకు బలము తా నెఱిఁగినవాఁడు. కొంతసేపు పోరి, ఋషులు వచ్చి శస్త్రములను విడువుమని బోధించిన పిమ్మట, సందేహము తీర్చుకొనుటకు ధర్మరాజు నడిగెను.

ఇచట మనము నిలిచి చూడవలయును. ద్రోణుఁడు తన పక్షమువారి నెవ్వరిని నడుగలేదు, తనకు శిష్యుఁడును మిక్కిలి ప్రియుఁడునగు నర్జునుని సైతము నడుగలేదు. త్రిలోకాధిపత్యము లభించినను ధర్మరాజు బొంకఁడని యాయన నిశ్చయము. శత్రువునకు సైతము నమ్మఁదగిన మాట యొక జీవితకాలము కూడఁబెట్టిన ధనము. ఆ ధనమున్నది గనుకనే యా బొంకు పాఱినది. భీముని నోటఁ బనిచేయని మాట ధర్మరాజు నోటఁ బనిచేసినది.

అయినను, బొంకుట యొక్కటే యిచటి దోషమనుట సరికాదని నా యభిప్రాయము. భారతము సత్యమును శబ్దమాత్రముగాఁ గొలుచు గ్రంథము కాదు. కర్ణపర్వమునఁ గృష్ణుఁడు చెప్పిన కౌశికునికథ విజ్ఞు లెఱిఁగినదే. సత్యవ్రతుఁడనని గర్వించి, దాఁగినవారి జాడను దొంగలకుఁ జెప్పి, వారి చావునకుఁ గారకుఁడై యాతఁడు నరకమునకుఁ బోయెను. ఇచటను గృష్ణుఁడు ప్రాణరక్షణకై యాడిన యసత్యమునకుఁ బాపము లేదని ధర్మరాజునకు స్పష్టముగాఁ జెప్పెను. ధర్మరాజు ఆ వాక్యమును నమ్మి, సేనను గాచుటకు బొంకెద నని నిశ్చయించి, ఆ భారమును తానే మోసి, నిండునోట బొంకియుండినచో, అది వేఱొక కథ యగును. ఆతఁ డట్లు చేయలేదు. ఒకవైపున నసత్యభయమున మునిఁగి, వేఱొకవైపున జయమునం దాసక్తుఁడై యుండెనని మూలము చెప్పుచున్నది. ఆయనకు జయమును గావలెను, సత్యవాది యను పేరును గావలెను. పైమాట ద్రోణునికొఱకు, లోమాట తనకొఱకు. మనస్సొకటి, వాక్కొకటి, క్రియ యొకటి యగుట యిదియే. త్రికరణశుద్ధి యని మనవారు చెప్పునది భగ్నమైనది బొంకునందుఁ గాదు, ఆ గొణుగుటయందు.

గౌరన ద్విపదలోని హరిశ్చంద్రున కిట్టి సంకటము లేదు. ఆతని కష్టములు భయంకరములే కాని యవన్నియు వెలుపలివి. ఆతని హృదయము తొలినుండి తుదివఱకు నొక్కటియే. ఆతనికి నమస్కరింతుము. ధర్మరాజునందు మనలను గుర్తుపట్టుదుము.

అంతకుముందు ధర్మరాజు రథము నేలకు 4 అంగుళములు మీఁదుగా నుండెడిది. ఆ మాట పలికినతోడనే గుఱ్ఱములు నేలను దాఁకెను. శిక్ష యింతియేనా యనిపించును. రథము విఱుగలేదు, పిడుగు పడలేదు. ఆతఁ డందఱవంటివాఁ డయ్యెను. సత్యమే బ్రతుకుగా నుండినవానికి ఇంతకంటె ఘోరమైన దేమి కలదు? ద్రోణుఁడు తుదకు శస్త్రసన్న్యాసము చేసి యోగస్థుఁడై కూర్చుండఁగా ధృష్టద్యుమ్నుఁ డాయన శిరమును ఖండించెను.

అర్జునుఁడు ఊరకుండలేదు. సత్యమను కంచుకమును దొడిగికొని గురువునకు బొంకితివని యన్నను నిందించెను. వాలివధమువలన రామునకువలెనే నీకును నపకీర్తి నిలుచునని చెప్పెను. యుద్ధానంతరమున శాంతిపర్వమునందు ధర్మరాజు తన పాపములను దలంచుకొని యేడ్చుచు, ఆ కంచుకపదమునే, తమ్ముఁడు తన మొగముమీఁద విసరిన పదమునే, తన నోటఁ బలికెను. నడుమ నేనుఁగును బెట్టుకొని గురువును మోసగించితి ననెను. కృష్ణుఁడు చెప్పఁగాఁ జేసితి ననలేదు. భీముని పేరెత్తలేదు. కుంజరమని పలికితినిగదా యని తప్పించుకొనలేదు. ఈ ఘట్టమును విమర్శకు లంతగాఁ బట్టించుకొనకుండుట నాకు వింతగాఁ దోఁచును.

ఒప్పుకొనెను సరే, రాజ్యమును విడిచెనా యని యాక్షేపింపవచ్చును. ఆక్షేపము బలమైనదే. విడిచెదనని పట్టుపట్టెను, తమ్ములును, వ్యాసుఁడును, కృష్ణుఁడును బోధింపఁగా నేలెను. యుద్ధము ముగిసిన 36వ యేఁటఁ గాని మహాప్రస్థానమునకు వెడలలేదు. గురుని నెత్తుట వచ్చిన సింహాసనముమీఁద నన్ని యేండ్లు కూర్చుండినవానిని నిర్దోషి యనుటకు నాకు నోరాడదు. భారతమును ననలేదు. స్వర్గమునకుఁ బోయినను లెక్క తీఱలేదు.

అచట దుర్యోధనుఁడు వైభవముతోఁ గూర్చుండియుండెను. తమ్ములు కానరారైరి. దేవదూత యాతనిని దుర్గంధమును జీఁకటియు నిండిన త్రోవను గొనిపోయెను. మరలిపోఁబోవుచుండఁగా, నీవు నిలిచినంతసేపు మాకు హాయిగా నున్నది, పోవలదని దీనస్వరములు వినఁబడెను. అవి కర్ణునివి, భీమునివి, ద్రౌపదివి. ధర్మరాజు దేవతలను, ధర్మమును సైతము నిందించి, నే నిచటనే యుందును, పోయి చెప్పుమని దూతను బంపివేసెను. పిమ్మట నింద్రుఁడు వచ్చి, నీవు కొడుకు నెపమున ద్రోణుని వంచించితివి గనుక నీకును నెపముననే నరకము చూపఁబడెనని తెలిపెను. ఆ వెలుఁగు రాకముందు, జయము లేదు, రాజ్యము లేదు, వినుటకు దూత యొక్కఁడే కలఁడు. అచట ధర్మరాజు పలికిన మాట అవ్యక్తముగా నుండెనని మూలమునఁ జెప్పఁబడలేదు.