నిర్మాత్రిగా కృష్ణవేణి: ‘మనదేశం’ చిత్రముపై ఒక పరిశీలన

మా మంచేనహళ్ళి ప్రాంతమున తెలుగు చదువుకొను పిల్లలను ‘కృష్ణవేణి యెవరు?’ అని యడిగినచో, తెలిసినవారు ‘నందమూరి తారకరామారావునకు తొలి యవకాశ మిచ్చిన యమ్మ’ యని బదులు చెప్పుదురు. అది సత్యమే. కాని యది రామారావు జీవితమునకు సంబంధించిన సత్యము. చలనచిత్రచరిత్రలందును ఆమె ప్రస్తావన తరచుగా నచ్చటనే ఆగిపోవుచున్నది. ఒక నిర్మాత్రిని ఆమె పరిచయము చేసినవాని పేరుతో మాత్రమే గుర్తించుట న్యాయమా యని విచారించుట యీ వ్యాసోద్దేశము.

కృష్ణవేణి 1924 డిసెంబరు 24వ తేదీన పశ్చిమగోదావరి జిల్లా పంగిడిలో జన్మించెను. సి. పుల్లయ్య తీసిన ‘సతీ అనసూయ’ (1936)లో బాలనటిగా తెరకు వచ్చి, క్రమముగా నాయికయు గాయనియు నయ్యెను. మీర్జాపురం రాజావారిని వివాహమాడిన పిదప, శోభనాచల సంస్థ వ్యవహారములందు పాలుపంచుకొని, కుమార్తె పేర ఎం. ఆర్. ఏ. ప్రొడక్షన్సు నెలకొల్పెను. నూరేండ్లు నిండిన పిమ్మట 2025 ఫిబ్రవరి 16న దివంగతురాలయ్యెను. కన్నడమున ఎం. వి. రాజమ్మ 1943లోనే ‘రాధారమణ’ నిర్మించి యుండెనని యిచ్చట స్మరింపదగును. రెండు భాషల నడుమ బ్రదుకు మనకు ఈ ఇరువురును దూరపువారు గారు.

1949వ సంవత్సరము పరిశీలింపదగినది. ఆ యేట రాజావారు స్వయముగా దర్శకత్వము వహించిన ‘కీలుగుఱ్ఱం’ వెలువడినది. అది జానపదము, జనరంజకము. అందు అంజలీదేవికి కృష్ణవేణి తన గాత్ర మిచ్చెను. అదే యేట, అదే యింటినుండి, కృష్ణవేణి నిర్మాణమున ‘మనదేశం’ వచ్చినది. మాయాశ్వము విజయము నిచ్చుచుండగా స్వాతంత్ర్యోద్యమమును కథావస్తువుగా స్వీకరించుట సులభమైన నిర్ణయము గాదు. నిర్మాత ప్రతిభకు తొలి గుర్తు వస్తువు నెన్నుకొనుటయే.

ఈ చిత్రమునకు మూలము శరత్‌బాబు ‘విప్రదాసు’. అది ప్రధానముగా కుటుంబగాథ. తమ్ముని దేశాభిమానము అందొక పాయ మాత్రమే. సముద్రాల రచనలో, ఎల్. వి. ప్రసాదు దర్శకత్వమున, ఆ పాయయే ప్రవాహమైనది. వంగదేశపు కథ తెనుగు నేలమీద నిలిచినది.

లోపములు లేవనను. మద్రాసు రాష్ట్రమున జమీందారీ రద్దు చట్టము 1948లో వచ్చినది. మరుసటి యేటనే యొక జమీందారీ కుటుంబమునుండి జాతీయోద్యమ చిత్రము వెలువడినది. అయినను చిత్రదృష్టి ప్రధానముగా పరపాలనపైననే నిలిచినది. గూడవల్లి రామబ్రహ్మము ‘రైతుబిడ్డ’ (1939)లో చూపిన భూసంబంధ సంఘర్షణ యిందు కేంద్రము కాలేదు. నిర్మాత్రి సాహసమునకు ఇదియే యెల్ల. ఈ మాట చెప్పక పొగడుట విమర్శ గాదు.

ఇక వ్యక్తుల యెన్నిక. సంగీతదర్శకుడుగా ఘంటసాల నిలద్రొక్కుకొనుచున్న దినములవి. ఆయనకు చిత్రసంగీతము నప్పగించుట, క్రొత్తవాడైన రామారావునకు పోలీసు అధికారి వేషము నిచ్చుట, తరువాత ‘దాంపత్యం’ (1957)తో రమేశ్‌నాయుడును తెలుగునకు తెచ్చుట — ఇవి యెనిమిదేండ్ల కాలమున జరిగినవి. ఒక్కటి జరిగినచో అదృష్ట మనవచ్చును. మరల మరల జరిగినచో వివేచన మనవలెను. కావున రామారావు ప్రవేశము ఆమె కీర్తికి కారణము గాదు. ఆమె వివేచనకు ఒక ఫలము.

2004వ సంవత్సరమునకు ఆమెకు రఘుపతి వెంకయ్య పురస్కారము లభించినది. ‘మనదేశం’ వెలువడి అప్పటి కర్ధశతాబ్దము దాటినది. నటి ముఖము తెరపై కనబడును, గాయని కంఠము వినబడును. నిర్మాత్రి నిర్ణయములు మాత్రము కనబడవు, వినబడవు. వానిని వెదకి చూపుట విమర్శకుని పని. ఇకమీద మన పిల్లలు ‘మనదేశం నిర్మించినది కృష్ణవేణి’ యని ముందుగా జెప్పి, రామారావు మాట తరువాత జెప్పినచో, ఆ వరుస సరియైనదని నా మనవి.