ఆ ఆరుగురూ ఏ సినిమాలోనూ లేరు

రాజేంద్రనగర్‌లో మా ఇంటికి వచ్చే దారిలోనే ఆరాంఘర్ చౌరస్తా. బెంగుళూరు రోడ్డెక్కే లారీలూ, కాటేదాన్ ఫ్యాక్టరీల సరుకు లారీలూ అక్కడ కలుస్తాయి. 2000 తర్వాత కొన్నేళ్లు ఆ చుట్టుపక్కల గోడల మీద ఎయిడ్స్ హెచ్చరికలు ఉండేవి. ఒక బొమ్మ ఇప్పటికీ గుర్తుంది. ఒకపక్క నుదుట కుంకుమతో భార్య, చంకలో పిల్లవాడు. ఇంకోపక్క చీకట్లో ఒక ఆడమనిషి. ఆమెకు ముఖం లేదు. గీసినాయన మర్చిపోయి ఉండడు, అక్కర్లేదనుకుని ఉంటాడు.

పోయినేడాది మా కాలేజీలో ఎం.ఏ. పిల్లలకు 'లవ్‌సిక్' అనే డాక్యుమెంటరీ చూపించినప్పుడు ఆ బొమ్మే గుర్తొచ్చింది. ఆన్ ఎస్. కిమ్, ప్రియా గిరి దేశాయ్ అనే ఇద్దరు స్త్రీలు 2017లో పూర్తిచేసిన సినిమా ఇది. చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్ తన దగ్గర మందులు వాడే హెచ్ఐవి పాజిటివ్ యువతీ యువకులకు పెళ్లి సంబంధాలు కుదురుస్తుంటారు. మతం, జీతంతో పాటు రక్తపరీక్షల అంకెలు కూడా చూసి జంట కలుపుతారు. ఆవిడ హాస్యం, ఓపిక చూసి మా పిల్లలు ముచ్చటపడ్డారు. నేనూ పడ్డాను. జబ్బొస్తే జీవితం అయిపోయిందనే ఏడుపు కథ కాదిది. కోరికకూ తోడుకూ చోటిచ్చిన సినిమా. సునీతి 2015లో పోయారు, అది తలచుకుంటూ చూస్తే ఇంకా బరువుగా ఉంటుంది.

హాలు తలుపులు వెయ్యడానికి వచ్చిన ఆయమ్మ వెనక నిలబడి సగం సినిమా చూసింది. నేను తెలుగులో చెప్తున్నది విని, చివర్లో అడిగింది: "డాక్టరమ్మ మంచిదే మేడం. మరి పెండ్లి గానోళ్ల సంగతేంది?"

ఆ ప్రశ్న నన్ను 1986కి తీసుకెళ్లింది. మన దేశంలో హెచ్ఐవిని మొదట కనిపెట్టింది సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల. ఇద్దరూ స్త్రీలే, మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ రక్తం ఎవరిది? పోలీసులు పట్టుకుని మద్రాసు విజిలెన్స్ హోంలో పెట్టిన సెక్స్ వర్కర్లది. దేనికోసం తీస్తున్నారో వాళ్లకు చెప్పలేదు. ఆరుగురికి పాజిటివ్ వచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో పాజిటివ్ వచ్చిన స్త్రీలను శిక్ష గడువు ముగిసినా విజిలెన్స్ హోంలోనే ఉంచేశారు. జర్నలిస్టు శ్యామలా నటరాజ్ హైకోర్టుకెక్కితే 1990లో విడుదలయ్యారు. డాక్టరు మీద సినిమా వచ్చింది, రావాల్సిందే. కానీ ఆ ఆరుగురు ఏమయ్యారు, ఎవరితో బతికారు అని అడిగిన కెమెరా నాకెక్కడా కనబడలేదు. 'లవ్‌సిక్' కూడా పెళ్లి గుమ్మం దగ్గరే నిలబడి లోపలికి చూస్తుంది. బయట నిలబడ్డవాళ్ల వైపు తిరగదు.

అలా తిరిగిన సినిమా ఒకటుంది. శోహినీ ఘోష్ 2002లో తీసిన 'టేల్స్ ఆఫ్ ది నైట్ ఫెయిరీస్'. ఎయిడ్స్ నివారణ పనితో 1992లో సోనాగాచిలో మొదలైన కదలిక దర్బార్ మహిళా సమన్వయ కమిటీ అనే సంఘమైంది. ఆ సంఘంలోని ఐదుగురు, నలుగురు స్త్రీలు ఒక పురుషుడు, దర్శకురాలితో కలిసి తమ కథలు చెప్తారు. టీవీ వాళ్లు వేసే మసక ముసుగు ఇక్కడ ఉండదు. పేరు దాచుకునే హక్కు ఎవరికైనా ఉండాలి, 2017 నాటి హెచ్ఐవి చట్టం ఆ రక్షణ ఇచ్చింది కూడా. అయితే దాచుకోవడం వేరు, చెరిపేయడం వేరు.

మరి ఇంట్లో ఉన్న భార్య క్షేమమేనా? అమెరికాలో 1988 జనవరిలో కాస్మోపాలిటన్ పత్రికలో ఒక డాక్టరు మామూలు సంసారం చేసే ఆడవాళ్లకు ముప్పు దాదాపు లేదని రాశాడు. న్యూయార్క్ యాక్ట్ అప్ స్త్రీలు ఆ పత్రిక ఆఫీసు ముందు నిరసన తెలిపారు. జీన్ కార్లొముస్తో, మరియా మాజెంటి ఆ పోరాటాన్ని వీడియో తీసి 'డాక్టర్స్, లయర్స్ అండ్ విమెన్' అని పేరుపెట్టారు. డాక్టరు మాటకు ఎదురు మాట్లాడటమే దాని కళంతా. మన దగ్గర ఆ అబద్ధం ఇంకో వేషంలో వచ్చింది. భార్యకు జబ్బొస్తే ఆమెను 'ఏ పాపం ఎరగని ఇల్లాలు'ని చేశాం. ఆ ఒక్క మాటతో రెండో ఆడమనిషి పాపం ఖాయమైపోయింది.

చేశాం అంటున్నానంటే నేనూ ఉన్నాను. మా మేనత్త కూతురికి భర్త వల్ల వచ్చింది. అత్తింటివాళ్లు బయటికి పంపితే కోపంతో ఒక వ్యాసం రాశాను, పేరు మార్చి. 'అమాయకురాలు' అని మూడుచోట్ల రాసినట్టున్నాను. అచ్చయ్యాక చదివి వినిపిస్తే, "వదినా, నేను తప్పు చేసుంటే నాకు మందియ్యరా?" అంది. 2004 నుంచి సర్కారు దవాఖానల్లో మందులు ఉచితంగా ఇస్తున్నారు, అక్కడి వరుసలో తనకు చోటిచ్చి కూచోబెట్టింది ఎవరో, వాళ్ల బతుకుతెరువేమిటో అప్పుడు చెప్పింది. నేను రాసిన మాట ఆ స్నేహితురాలికి తగిలిందని నాకు తట్టనే లేదు.

మొన్న దసరాకి ఇంటికొస్తే శోహినీ సినిమా పెట్టాను. బెంగాలీ తనకు రాదు, ఇంగ్లీషు అక్షరాలు చదివి నేను చెప్తూ పోయాను. కాసేపటికి నన్ను ఆగమంది. "నువ్వు చెప్పకు. వాళ్ల మొహాలు చూడనీ."