ఎడమ వింగ్ నుంచి కుడి వింగ్‌కు

1964-65 సీజన్‌లో లాస్ ఏంజెలెస్ బ్లేడ్స్ ఐస్ హాకీ జట్టు కోచ్ ఆల్ఫ్ పైక్, విల్లీ ఓరీని లెఫ్ట్ వింగ్ నుంచి తీసి రైట్ వింగ్‌లో ఆడమన్నాడు. ఓరీకి అప్పటికి 29 ఏళ్లు. ఇలాంటి మార్పులు కోచ్‌లు తరచూ చేస్తూనే ఉంటారు. పత్రికలు పట్టించుకునేంత విశేషమేమీ కాదు. కానీ సీజన్ ముగిసేసరికి ఓరీ 38 గోల్స్ కొట్టి వెస్టర్న్ హాకీ లీగ్ మొత్తంలో అందరికంటే ముందు నిలిచారు. అంతకుముందు ఎనిమిదేళ్లూ ఆయన చూపులేని కంటి వైపు నుంచి వచ్చే పక్‌ను అందుకుంటూ, ఆ సంగతి దాదాపు ఎవరికీ తెలియనివ్వకుండా ఆడారు.

ఓరీ పేరు వినగానే హాకీ లోకానికి గుర్తొచ్చేది వేరే విషయం. 1958 జనవరి 18న మాంట్రియల్ ఫోరమ్‌లో బోస్టన్ బ్రూయిన్స్ తరఫున బరిలోకి దిగి, నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్)లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యారు. బేస్‌బాల్‌లో జాకీ రాబిన్సన్ 1947లో చెరిపిన వర్ణభేదపు గీతను హాకీలో చెరిపింది ఈయనే. ఆ ఘనతకు ఎంత గౌరవం ఇచ్చినా తక్కువే. అయితే ఆ ఒక్క తేదీ వెలుగులో అసలు ఆటగాడు కనబడకుండా పోయాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఓరీ ఆడింది 45 మ్యాచ్‌లే. మొత్తం మీద వృత్తి ఆటగాడిగా బతికింది మాత్రం రెండు దశాబ్దాలకు పైనే. ఆ ఏళ్లన్నీ ఒంటికంటితో ఎలా నెగ్గుకొచ్చారన్నది చూస్తేనే ఆయన పనితనం తెలుస్తుంది.

కెనడా తూర్పున న్యూ బ్రన్స్‌విక్ అనే రాష్ట్రం ఉంది. దాని రాజధాని ఫ్రెడెరిక్టన్‌లో 1935 అక్టోబర్ 15న ఓరీ పుట్టారు. పదమూడు మంది సంతానంలో ఆఖరివాడు. పూర్వీకులు అమెరికాలో బానిసత్వం తప్పించుకుని అక్కడికి చేరినవాళ్లు. ఊళ్లో నల్లజాతి కుటుంబాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చలికాలంలో తండ్రి పెరట్లో నీళ్లు పోసి గడ్డకట్టించి రింక్ తయారుచేసేవాడు. మూడేళ్ల వయసుకే ఆ పిల్లాడి కాళ్లకు స్కేట్స్ వచ్చాయి.

1949లో బేస్‌బాల్ జట్టుతో న్యూయార్క్ వెళ్లినప్పుడు ఆ కుర్రాడు జాకీ రాబిన్సన్‌ను కలిశాడు. తాను హాకీ కూడా ఆడతానంటే, నల్లపిల్లలు హాకీ ఆడతారా అని రాబిన్సన్ ఆశ్చర్యపోయాడట. నిజానికి కెనడాలోని నోవా స్కోషియాలో 1895 నుంచే నల్లజాతి జట్లకు సొంత లీగ్ ఉండేది. టొరంటోవాడు హెర్బ్ కార్నెగీ 1940ల్లో క్యూబెక్ లీగుల్లో గొప్ప సెంటర్‌గా పేరు తెచ్చుకున్నా ఎన్‌హెచ్‌ఎల్ తలుపు ఆయనకు తెరుచుకోలేదు. నల్లవాళ్లు ఆడడం కొత్త కాదు. వాళ్లను ఆడనివ్వడమే కొత్త.

దెబ్బ 1955-56 సీజన్‌లో తగిలింది. ఓరీ అప్పుడు కిచెనర్ కనక్స్ అనే జూనియర్ జట్టులో ఉన్నారు. గోల్ ముందు నిలబడి ఉండగా ప్రత్యర్థి బలంగా కొట్టిన స్లాప్ షాట్ దారి మళ్లి నేరుగా ముఖానికి తగిలింది. పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ల. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, దాదాపు 170 గ్రాముల బరువు. ముక్కు విరిగింది, చెంప ఎముక చిట్లింది, కుడి కంటి చూపు 95 శాతం పోయింది. ఇక జీవితంలో హాకీ ఆడలేవని డాక్టర్ తేల్చిచెప్పాడు. రెండు నెలలు తిరిగేసరికి ఓరీ మళ్లీ రింక్‌లో ఉన్నారు.

ఒక కన్ను పోయినవాళ్లను ఎన్‌హెచ్‌ఎల్ నిబంధనలు ఆడనివ్వవు. అందుకే ఆ రహస్యాన్ని అతి దగ్గరివాళ్లలో ఒకరిద్దరికి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇవాళ ఏ కుర్రాడైనా ఇదే పని చేస్తానంటే వద్దని గట్టిగా ఆపవలసిందే. హెల్మెట్లు, కళ్లకు రక్షణ అద్దాలు లేని రోజులవి. రెండో కంటికి అలాంటి దెబ్బే తగిలితే పూర్తిగా గుడ్డివాడయ్యేవారు. ఆ ప్రమాదం ఆయనకు తెలియనిది కాదు. తెలిసే ఆడారు.

ఒంటికంటితో హాకీ ఆడడంలో కష్టం ఎక్కడుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు ఉంటుంది, చుట్టూ చెక్కగోడ. దాన్ని బోర్డు అంటారు. ఒక్కో జట్టుకు గోలీతో కలిపి ఆరుగురు. ముందు వరసలో మధ్యన సెంటర్, అటూ ఇటూ వింగర్లు. లెఫ్ట్ వింగర్‌కి ఎడమ పక్కన బోర్డు ఉంటుంది. మిగతా ఆటంతా కుడి వైపే. సెంటర్ పాస్ ఇచ్చేది కుడి నుంచి, అవతలి డిఫెన్స్‌మన్ వచ్చి గుద్దేదీ ఎక్కువగా కుడి నుంచే. ఓరీకి సరిగ్గా ఆ వైపే చీకటి. ఎడమ కన్ను కుడికి ఎంత తిరిగినా ముక్కు అడ్డొస్తుంది. కాబట్టి పాస్ వచ్చిన ప్రతిసారీ తల మొత్తం కుడి భుజం మీదుగా తిప్పి ఎడమ కంటితో పక్‌ను వెతుక్కోవాలి. తల తిప్పినంతసేపు ముందున్నది కనబడదు. స్కేట్ల మీద పూర్తి వేగంలో ఉన్నవాడికి అది ఎంత ప్రమాదమో ఊహించవచ్చు.

దూరం అంచనా వేయడం మరో తంటా. రెండు కళ్లూ చూసే బొమ్మల్లోని చిన్న తేడాను బట్టి మెదడు లోతు లెక్క కడుతుంది. ఒక కన్ను లేకపోతే వస్తువు పరిమాణం, కదలిక, తన తల కదిలినప్పుడు వెనక దృశ్యం జరిగే తీరు, వీటితోనే ఆ లెక్క కట్టుకోవాలి. అది సాధనతో వచ్చే విద్య. మొదట్లో పక్ కర్ర పక్కనుంచి జారిపోయేదనీ, కొట్టిన షాట్లు గోల్ దాటి బయటికి వెళ్లేవనీ ఓరీ తర్వాత చెప్పుకొచ్చారు. కనబడని దాని గురించి దిగులు మాని, కనబడే దాని మీదే దృష్టి పెట్టమని తనకు తాను చెప్పుకునేవారట. స్కేటింగ్‌లో ఆయన వేగం మాత్రం తగ్గలేదు. ఆ వేగమే ఆయన్ని వెనక్కి పడిపోకుండా కాపాడింది.

తెలుగు పాఠకులకు ఇక్కడ మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ గుర్తుకు రాక మానరు. 1961 జులైలో ఇంగ్లండ్‌లోని హోవ్ దగ్గర జరిగిన కారు ప్రమాదంలో ఆయనకూ పోయింది కుడి కంటి చూపే. అదే ఏడాది డిసెంబర్‌లో భారత్ తరఫున టెస్టుల్లో అడుగుపెట్టారు. తర్వాత దాదాపు పదేళ్లు రంజీ ట్రోఫీలో హైదరాబాద్‌కు ఆడారు. బ్యాటింగ్‌లో నిలబడే తీరు మార్చుకుని, టోపీని కుడి కంటి మీదికి దించుకుని ఆడిన ఆయన్ని మన ముందుతరం అభిమానులు కళ్లారా చూశారు. పటౌడీ సంగతి అందరికీ తెలుసు గనుక ఆయన తీసిన ప్రతి పరుగుకూ రెట్టింపు మెప్పు దక్కింది. దక్కాలి కూడా. ఓరీకి ఆ అవకాశమే లేదు. పాస్ చేజారితే చేతకానివాడి కిందే లెక్క. దానికి తోడు నల్లవాడన్న లెక్క వేరే ఉండేది.

మాంట్రియల్‌లో ఆ మొదటి రాత్రి బ్రూయిన్స్ 3-0తో గెలిచింది, అదీ అప్పటి చాంపియన్ల మీద. తాను చరిత్రకెక్కానని ఓరీకి మర్నాడు పత్రిక చూస్తే గాని తెలియలేదు. ఆ సీజన్‌లో రెండు మ్యాచ్‌లే ఆడించి వెనక్కి పంపారు. మళ్లీ పిలుపు 1960-61లో వచ్చింది. 43 మ్యాచ్‌లు, 4 గోల్స్, 10 అసిస్ట్‌లు. మొదటి గోల్ 1961 జనవరి 1న బోస్టన్‌లో, మళ్లీ మాంట్రియల్ మీదే. ఆ గోల్‌తోనే జట్టు 3-2తో నెగ్గింది. ప్రేక్షకులు లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టారు. అన్ని ఊళ్లలోనూ చప్పట్లు దొరకలేదు. చికాగోలో ఒక ఆటగాడు బూతులు తిడుతూ కర్ర పిడి చివరతో నోటి మీద పొడిస్తే ఓరీ ముందు పళ్లు ఊడిపోయాయి.

అప్పట్లో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉన్నవి ఆరు జట్లే. అంటే ప్రపంచం మొత్తానికీ వంద పైచిలుకు కొలువులు. ఆ పోటీలో, ఆ కంటితో, తప్పు వైపున నిలబడి ఏడాదిపాటు నిలదొక్కుకోవడమే అద్భుతం. ఆ వేసవిలో బ్రూయిన్స్ ఆయన్ని మాంట్రియల్‌కు ఇచ్చేసింది. అక్కడ చోటెక్కడిది? కొద్ది నెలలకే లాస్ ఏంజెలెస్ బ్లేడ్స్‌కు అమ్మేశారు.

కాలిఫోర్నియాకు చేరడంతో ఓరీ కథ అయిపోయిందని చాలా వ్యాసాలు ఒక్క పేరాలో ముగిస్తాయి. హాకీ పరంగా చూస్తే కథ అక్కడే మొదలైంది. రైట్ వింగ్‌కు మారగానే రింక్ మొత్తం ఆయన ఎడమ కంటి ముందుకు వచ్చింది. సెంటర్ నుంచి పాస్ వస్తుంటే తల తిప్పనక్కర్లేదు. చూపులేని వైపు ఇప్పుడు బోర్డు ఉంది, అటు నుంచి ఎవరూ దూసుకొచ్చి గుద్దరు. అయితే ఇదేమీ ఉచితంగా రాలేదు. ఓరీ ఎడమ వాటం ఆటగాడు. కర్ర కొస శరీరానికి ఎడమ పక్కన ఉంటుంది. రైట్ వింగ్‌లో బోర్డు వెంట వచ్చే పక్‌ను బ్యాక్‌హ్యాండ్‌తో అందుకోవాలి, అది చాలామందికి కొరుకుడుపడదు. ఆ కష్టం భరిస్తే లాభం ఒకటుంది. మధ్య నుంచి వచ్చే పక్ నేరుగా కర్ర కొసకు చేరుతుంది, గోల్ వైపు కోణం ఇంకాస్త తెరుచుకుంటుంది. ముప్పైకి దగ్గరపడ్డ ఆటగాడు, చిన్ననాటి నుంచి ఒంటికి పట్టిన అలవాట్లను విప్పేసి కొత్తగా కట్టుకోవడం చిన్న పని కాదు.

ఆ ఏడాది 38 గోల్స్. 1967లో బ్లేడ్స్ జట్టు మూతపడ్డాక శాన్ డియెగో గల్స్‌కు వెళ్లి, 1968-69లో మళ్లీ 38 గోల్స్‌తో లీగ్‌లో మొదటి స్థానం. అప్పటికి వయసు 33. లీగే 1974లో ఆగిపోయింది. నాలుగేళ్ల తర్వాత శాన్ డియెగో హాక్స్ అనే కొత్త జట్టు వస్తే, 43వ ఏట మళ్లీ స్కేట్స్ కట్టుకుని ఒక పూర్తి సీజన్ ఆడారు. ఆ తర్వాతే ఆట మానేశారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో రెండో నల్లజాతి ఆటగాడు మైక్ మార్సన్ వచ్చింది 1974లో. ఓరీ చివరి ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌కీ ఆ రోజుకీ మధ్య 13 ఏళ్లు గడిచాయి.

ఆట అయిపోయాక శాన్ డియెగో దగ్గర కొరొనాడో హోటల్‌లో సెక్యూరిటీ ఉద్యోగం చేశారు. 1998 నుంచి ఎన్‌హెచ్‌ఎల్ తరఫున ఊరూరా తిరిగి, హాకీ తమది కాదనుకునే పిల్లల చేతికి కర్రలిచ్చారు. 2018లో, 83వ ఏట, ఆయన్ని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. 2022లో బోస్టన్ జట్టు ఆయన 22వ నంబరు జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా పైకప్పుకు ఎక్కించింది. అమెరికా కాంగ్రెస్ స్వర్ణపతకమూ ప్రకటించింది.

హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ని తీసుకున్నది మాత్రం ఆటగాళ్ల విభాగంలో కాదు, ఆట ఎదుగుదలకు తోడ్పడినవాళ్ల కోసం పెట్టిన బిల్డర్స్ విభాగంలో. హెర్బ్ కార్నెగీని కూడా, చనిపోయిన పదేళ్లకు, 2022లో అదే విభాగంలో చేర్చారు. పిల్లల కోసం ఇద్దరూ చేసిన సేవ గొప్పదే, దాన్ని కాదనేవాళ్లెవరూ లేరు. కానీ ఇద్దరూ ముందుగా ఆటగాళ్లు. ఒకరికి పెద్ద లీగ్‌లో అడుగుపెట్టే దారే ఇవ్వలేదు. మరొకరికి తన ఆట పండే వైపు దొరికేసరికి ఆ లీగ్ తలుపు మూసుకుపోయింది. ఎన్‌హెచ్‌ఎల్ అంకెలు మాత్రమే ముందు పెట్టుకుని చూస్తే వీళ్లు ఎప్పటికీ ఆటగాళ్ల విభాగానికి సరిపోరు. హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీ వాళ్లు వెస్టర్న్ హాకీ లీగ్ పాత స్కోర్‌షీట్లు కూడా తెప్పించుకుని, రెండు 38 గోల్స్ సీజన్లనూ, ఆ గోల్స్ కొట్టిన మనిషికి అప్పుడెంత చూపు ఉందన్నదీ పక్కపక్కన పెట్టి మరోసారి కూర్చోవాలి.