కింది గడిలో ఏముందో

2020 లాక్‌డౌన్‌లో ఎవరో పంపితే ఫోన్‌లో ఒక పాట చూశాను. విన్నాను అనకుండా చూశాను అనడానికి కారణం ఉంది. పశ్చిమ బెంగాల్‌లో పింగ్లా దగ్గరి నయా గ్రామానికి చెందిన స్వర్ణ చిత్రకర్ పొడవాటి పటం విప్పుతూ కరోనా మీద తాను కట్టిన పాట పాడుతున్నారు. నాకు బెంగాలీ రాదు. అయినా ఆ పటం మీద ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు జరుగుతుంటే కథ తెలిసిపోతోంది. అప్పటికి వారాల తరబడి పొద్దున లేస్తే అంకెలే. ఇవాళ ఇన్ని కేసులు, ఇన్ని చావులు. ఆ అంకెల్లో ఒక్క ముఖమూ ఉండేది కాదు. ఈ పటం నిండా ముఖాలే, పెద్ద పెద్ద కళ్లతో.

స్వర్ణ లాంటి పటువాలు తరతరాలుగా చేస్తున్న పనే ఇది. బొమ్మ గీస్తారు, దానికి పాట కడతారు, పటాన్ని చుట్టి చంకన పెట్టుకుని ఊరూరా తిరిగి ఇళ్ల ముందు విప్పి పాడతారు. బియ్యమో, పాత బట్టలో, నాలుగు డబ్బులో పుచ్చుకుంటారు. నయాలో పటువాలందరి ఇంటిపేరూ చిత్రకరే. వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. పాడేది మనసాదేవి కథ, దుర్గ కథ, రామాయణం, సత్యపీర్ అనే పీరు మహిమ. రోగానికి మతం అంటగట్టే మాటలు ఆ వేసవిలో మన చెవుల్లో ఎన్నో పడ్డాయి. అలాంటప్పుడు ఈ ఇళ్లలోంచి అందరి కోసం ఒక పాట వచ్చింది.

పటం తయారీ వంటింటికి దగ్గరి పని. కాగితాలను వరసగా అతికించి పొడుగు చేస్తారు. వెనక పాత చీర గుడ్డ అంటిస్తారు. ఎన్నిసార్లు చుట్టినా, విప్పినా చిరగకుండా కాపాడేది ఆ చీరే. నీలానికి శంఖుపుష్పం, పసుపుపచ్చకు పసుపు, ఆకుపచ్చకు చిక్కుడాకు, ఎరుపుకు జాఫ్రా గింజలు, నలుపుకు దీపం మసి. పిండిన రసాన్ని కొబ్బరి చిప్పలో పోసి మారేడు కాయలోని బంక కలుపుతారు. రంగును కాగితానికి పట్టి ఉంచేది ఆ బంకే. ఇప్పుడు బజారు రంగులు కూడా వాడుతున్నారు గానీ, పాత పద్ధతిలో దూరం నుంచి తెప్పించుకోవలసిన సరుకు దాదాపు లేదు. దుకాణాలు మూతపడ్డా పెరట్లో శంఖుపుష్పం పూస్తూనే ఉంటుంది, దీపం చిమ్నీకి మసి పడుతూనే ఉంటుంది.

అసలు విద్య గడుల్లో ఉంది. పటాన్ని పైనుంచి కిందికి గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో కథలోని ఒక్కో ఘట్టం గీస్తారు. పాడేవారు ఒక గడి విప్పి, వేలు పెట్టి చూపించి, దాని చరణం పాడి, కింది గడికి వెళతారు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో 1800 ప్రాంతపు గాజీ పటం ఒకటి ఉంది. 54 గడులు, 13 మీటర్ల పొడవు. పులి మీద స్వారీ చేసే గాజీ పీరు మహిమలు అందులో ఉన్నాయి. అడవిలో పులికి, పొలంలో పాముకి, ఊళ్లో మశూచికి భయపడ్డ మనుషులు ఆ భయాలకు ఒక పేరు, ఒక ముఖం, ఒక కథ ఇచ్చుకున్నారు. 2004 సునామీ తర్వాత సునామీ పటం వచ్చింది. ఎయిడ్స్ మీద వచ్చింది. న్యూయార్క్‌లో జంట భవనాలు కూలితే దాని మీదా వచ్చింది.

కంటికి కనిపించని కరోనాకు కూడా పటువాలు రాక్షసి ముఖం పెట్టారు. దీన్ని మూఢత్వం అనేవాళ్లుంటారు. నేను ఒప్పుకోను. అదే పాట చేతులు కడుక్కోమంది, మాస్కు కట్టుకోమంది, ఎడంగా ఉండమంది. పైగా ఆ రాక్షసి ఎంత కోరలు చాచినా తన గడి దాటి రాదు. దాని కింద వైద్యులున్నారు, జాగ్రత్త పడుతున్న మనుషులున్నారు. టీవీలో ఎర్రటి ముళ్ల బంతి పొద్దస్తమానం అక్కడే గిర్రున తిరుగుతుండేది, దానికి తర్వాతి బొమ్మ లేదు. పటంలో ఉంది. ఇంకా ఒక గడి మిగిలి ఉందని చూపించడమే ఈ కళ ఇచ్చే ధైర్యం. అది మందు కాదు, మందు వచ్చేదాకా మనిషిని నిలబెట్టేది.

పటం కథ మనకీ కొత్త కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాశీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి ఉడికించిన జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద కులపురాణాలు గీసేవారు. వాటిని కాకిపడగలవాళ్లు, కూనపులివాళ్లు, డక్కలివాళ్లు ఊరూరా తీసుకెళ్లి, తమకు దాతలైన కులాల ముందు రాత్రుళ్లు కథ చెప్పేవారు. అయితే ఇక్కడ గీసేది ఒకరు, పాడేది మరొకరు. పటం ఒక కులం పురాణం, తరాలపాటు అదే నడుస్తుంది. కొత్త రోగం వచ్చిందని కొత్త పటం గీయించే ఏర్పాటు అందులో లేదు. నయాలో పాటా బొమ్మా ఒకే మనిషివి. అందుకే కష్టం తలుపు తట్టగానే పటం తయారైంది. మన చేర్యాల కుటుంబాలు ఆ ఏడాది గుడ్డ మాస్కుల మీద తమ బొమ్మలు వేశాయి. అవి ఎంతో ముచ్చటగా ఉన్నాయి. కానీ ఆ బొమ్మల పక్కన నిలబడి పాడే గొంతు మనకు ఎప్పుడో దూరమైందని ఆ మాస్కులు చూస్తున్నప్పుడే మళ్లీ బాధేసింది.

పటం విద్యలో నన్ను అన్నిటికన్నా కదిలించేది ఇంకొకటి. బెంగాల్, జార్ఖండ్‌లలోని సంతాల్ ఊళ్లకు వెళ్లే జాదు పటువాలు చక్షుదాన పటం తెస్తారు. చక్షుదానం అంటే కళ్లివ్వడం. ఎవరి ఇంట్లోనైనా మనిషి పోతే పటువా చిన్న కాగితం మీద ఆ మనిషి బొమ్మ గీసి తెస్తాడు. ఒళ్లంతా గీస్తాడు, కంటిపాప మాత్రం పెట్టడు. పోయినవారు చూపు లేక అక్కడ దారి తప్పి తిరుగుతున్నారని చెబుతాడు. ఇంటివాళ్లు తమకు తోచింది ఇచ్చాక కుంచెతో ఆ కళ్లలో చుక్కలు పెడతాడు. మా పెద్దనాన్న 2021లో పోయినప్పుడు మాకెవరికీ చివరిచూపు దక్కలేదు. గోడకున్న ఫొటోకి దండ వేశాం, అంతే. పెద్దమ్మ రోజూ పొద్దున్నే ఆ ఫొటో అద్దాన్ని కళ్ల దగ్గర కొంగుతో తుడిచేది, మిగతా చోట దుమ్ముండిపోయినా పట్టించుకునేది కాదు. ఆ రెండు చుక్కల కోసం సంతాల్ ఇల్లు ఎందుకు ఎదురుచూస్తుందో నాకు అప్పుడు తెలిసింది.

ధైర్యం చెప్పినవాళ్లకూ ఆకలి ఉంటుంది. 2020 మార్చి 25 నుంచి ఎవరూ గడప దాటకూడదన్నారు. నలుగురి గడపలూ తొక్కితేనే పటువాకి నాలుగు వేళ్లూ నోట్లోకి పోయేది. మేళాలు ఆగాయి, కొనేవాళ్లు రాలేదు. మే 20న ఆంఫన్ తుఫాను బెంగాల్ మీద విరుచుకుపడింది. మిగిలింది ఫోనే. అది పాటను నాలాంటి భాష రానివాళ్ల దాకా తెచ్చింది, కాదనను. అయితే ‘ఆ బొమ్మ ఇంకోసారి’ అని పిల్ల అడిగితే నవ్వి వెనక్కి చుట్టే చెయ్యి ఫోన్‌లో లేదు. గిన్నెడు బియ్యం తెచ్చి పోసే ఇల్లాలూ లేదు. ఈ కళలో ఆ గిన్నె కూడా ఒక భాగం. పాట నచ్చినవారు పటం కొనాలి, గోడకు తగిలించడానికి కాకపోయినా, ఇంకో పటం పుట్టడానికి.

పటువా పాటల్లో ఒక ఆనవాయితీ ఉంది. చివరి గడి అయిపోయాక పాడినవారు తమ పేరూ ఊరూ పాటలోనే చెబుతారు, మన కీర్తనల్లో ముద్రలాగా. ఆ వేసవిలో పిల్లల్ని భుజాన వేసుకుని వందల మైళ్లు నడిచిన కూలీలను ప్రతి చెక్‌పోస్టు దగ్గరా అడిగింది కూడా అదే: ఎవరు నువ్వు, ఏ ఊరు? అనుమానంతో అడిగిన ఆ మాటకు పటువా ఎవరూ అడగకుండానే జవాబిస్తుంది. నేను ఫలానా, మా ఊరు నయా, అని చెప్పి పటం చుట్టుకుంటుంది.