'వనజ' చిత్రమున నాట్యమును నేరమును

'వనజ' యను తెలుఁగు చలనచిత్రమును రజనేష్ దోమలపల్లిగారు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునఁ దమ పట్టమునకై సమర్పింపవలసిన కృతిగా నిర్మించిరి. అది 2006వ సంవత్సరమున టొరంటో చిత్రోత్సవమునఁ బ్రదర్శింపఁబడి, 2007లో బెర్లిను చిత్రోత్సవమునఁ దొలి చిత్రములకిచ్చు బహుమానమును బడసినది. ఇందు పేరుమోసిన తారలు లేరు. పాత్రధారులు నటన వృత్తిగాఁ గలవారు కారు. నిర్మాణమునకు వెచ్చింపఁబడిన ధనమును స్వల్పమే. బహుమానము విమర్శకునకుఁ బ్రమాణము కాదు గావున దానిని విడిచి, కృతినే పరిశీలింతము. కూచిపూఁడి నాట్యమును, ఒక దారుణమైన నేరమును ఇందొక్క కథలోఁ గూర్పఁబడినవి. ఈ కూర్పు వస్త్వైక్యమును జెఱచినదా, నిలిపినదా యనునదియే ఇచ్చటి విచారణ.

కథ సంగ్రహముగా నిట్టిది. సోమయ్య యను జాలరి యప్పులపాలై, పదునాలుగేండ్ల తన కూఁతురు వనజను ఆ యూరి భూస్వామిని రమాదేవి యింటఁ బనికిఁ బెట్టును. రమాదేవి పూర్వము కూచిపూఁడి నాట్యమునఁ బేరొందినది. తానును నాట్యము నేర్వవలెనని వనజ కోరిక. ఆమెకు మొదట దొరకినది కోళ్లను గాచు పని. పిదప వంటలక్క రాధమ్మ చేతిక్రిందఁ బని. ఒకప్పుడు యజమానురాలితో అష్టాచెమ్మ యాడుట తటస్థించును. ఓటమి యామెకు గిట్టదని యెఱిఁగి, వనజ తన యాటను దానే పోఁగొట్టుకొనును. దానివలనఁ గలిగిన యనుగ్రహముచే మొదట సంగీతమును, తరువాత నాట్యమును ఆమెకు లభించును. ఇంతలో రమాదేవి కుమారుఁడు శేఖరుఁడు ఎన్నికలలో నిలుచుటకై అమెరికానుండి వచ్చును. ఒకతఱి వనజ తెలివి ముందర నతఁడు తల్లియెదుటనే చిన్నపోవును. అటుపిమ్మట నతఁ డా బాలికను బలాత్కరించును. ఆమె గర్భవతి యగును. పుట్టిన బిడ్డ యెవరికిఁ జెందవలె నను పోరాటము తక్కిన కథ.

నాట్యాభ్యాస మొక కథ, బలాత్కార మొక కథ, రెండును అతికింపఁబడినవి గాని యేకమగుట లేదని యెవ్వరేనిఁ బూర్వపక్షము చేయవచ్చును. ఆ పూర్వపక్షము నిలువదు. వనజ యా యింట రెండుమాఱులు పోటీలో నిలిచినది. మొదటిమాఱు తల్లితో నాడి, కావలెనని యోడినది, విద్యను బొందినది. రెండవమాఱు కొడుకుతోఁ దలపడి గెలిచినది, సర్వమును గోలుపోయినది. ఓడినవారికి వరము, గెలిచినవారికి దండనము, ఇదియే యా యింటి శాసనము. నాట్యమును ప్రసాదించినదియు, నేరమును జేయించినదియు నా యొక్క శాసనమే. గురుదక్షిణ విద్య ముగిసిన పిదపఁ జెల్లింపవలసినది. వనజచేత నది ముందుగానే, స్వపరాజయరూపమునఁ జెల్లింపఁబడినది. ఈ సూత్రమును గుర్తించిన వానికిఁ గథ రెండుగాఁ దోఁపదు.

నాట్యమును నేరమును ఒక్కచోటఁ జేర్చుట మనకుఁ గ్రొత్త కాదు. శూద్రకుని మృచ్ఛకటికము నృత్యగీతములు నేర్చిన గణిక కథ. జూదరులు, దొంగలు, రాజశ్యాలుఁడు నందు సంచరింతురు. ధూర్తులతో నిండిన యిట్టి ప్రకరణమును దశరూపకకారుఁడు సంకీర్ణమనినాఁడు. ప్రథమాంకమునఁ జీఁకటిలో రాజవీథిని శకారుఁడు వసంతసేనను దఱుముచుండఁగా, నృత్యమునఁ దేఱిన యామె పాదములు పరుగునకు వినియోగపడుటను విటుఁడు కనిపెట్టి చెప్పును. రంగమునకై తీర్పఁబడిన పాదములే ప్రాణరక్షణకుఁ బనికివచ్చుట యచటి యందము. అష్టమాంకమున శకారుఁ డామె గొంతు నులుమును. నవమాంకమున నభియోగము న్యాయస్థానమున కెక్కును. దశమాంకమున నామె బ్రదికి వచ్చును, రాజ్యమే మాఱును.

'వనజ'తోఁ బోల్చి చూచినచో భేదము తేటపడును. వసంతసేనకు వీథి భయస్థానము, చారుదత్తుని యిల్లు శరణ్యము. వనజకు శరణ్యమును భయస్థానమును ఒక్క యిల్లే. పాదములకు లయ నేర్పిన గురువును, ఆ పాదములకుఁ బరుగిడఁ దావు లేకుండఁ జేసిన వాని తల్లియు నొక్కతెయే. రమాదేవి క్రూరురాలు కాదు. శిష్యురాలియందు మమకారము గలది. అయినను గుమారుని పక్షమే యామె పక్షము. శకారుని వంటి ధూర్తుని ద్వేషించుట సులభము. రమాదేవిని ద్వేషింపనేరక, క్షమింపనేరక ప్రేక్షకుఁడు తల్లడిల్లును. ఈ చిత్రమునకు బలమిచ్చినది శేఖరుని పాత్ర కాదు, ఈమె పాత్రయే.

మా యనంతగిరి, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల చదువరులకు దొరసాని యను మాటకు వ్యాఖ్య యక్కఱలేదు. 1946 మొదలు 1951 దాఁక రైతుల సాయుధపోరాటము సాగిన నల్లగొండ మండలములోఁ బూర్వము భాగములుగా నుండిన ప్రాంతములివి. వెట్టిచాకిరి కథలు వృద్ధుల నోటఁ దరతరములు వినఁబడినవి. గడిలోని దాసి బ్రదుకును బి. నర్సింగరావుగారు 1988లో 'దాసి' చిత్రమునఁ జూపిరి. అందు దొర యింటి దాసికి దక్కినది చాకిరియు, దేహపీడయు మాత్రమే. వనజకు వానితోపాటు విద్యయు దక్కినది. దీనిచే నామె దుఃఖము తగ్గలేదు, జటిలమైనది. తన్ను బాధించిన యింటికే తాను ఋణపడియుండుట దాసికి లేని చిక్కు.

ఈ విద్య యెవరి సొత్తు? కూచిపూఁడి భాగవతుల మేళములలో స్త్రీపాత్రలను సైతము పురుషులే ధరించుట పూర్వాచారము. వేదాంతం సత్యనారాయణశర్మగారు స్త్రీవేషముననే ప్రఖ్యాతిఁ గాంచిరి. వెంపటి చినసత్యముగారు 1963లో మద్రాసున స్థాపించిన విద్యాలయము మొదలగువానివలన బాలిక లనేకు లీ విద్యలోఁ బ్రవేశించిరి. కొన్ని కుటుంబముల పురుషులనుండి సంపన్నగృహముల స్త్రీలకు, వారినుండి జాలరి కూఁతునకు నాట్యము సాగివచ్చిన చరిత్ర యీ చిత్రమునకు వెనుకనున్నది.

ఇఁక నాట్యలక్షణవేత్తల యాక్షేపము. వనజ వేషమును ధరించిన మమతా భుక్యా యను బాలిక యీ చిత్రమునకై సుమారొక సంవత్సరము మాత్రము కూచిపూఁడి యభ్యసించినది. అడుగున దార్ఢ్యము, చూపున నిలుకడ చాలవని నిపుణులు చెప్పినచోఁ గాదనలేము. కాని దోషమును నిర్ణయించుటకు ముందు ప్రయోజనము నరయవలెను. ఋకార ఌకారముల సూత్రముపై మహాభాష్యకారుఁడు చేసిన విచారమిచట స్మరింపఁదగినది. ఒకతె యశక్తిచే ఋతక శబ్దమును ఌతక యని పలుకును; వేఱొకఁడు ఆమె పలికిన రీతిని దెలుపుటకై యట్లే పలుకును. మొదటిది యశక్తి, రెండవది యనుకరణము, అది యపశబ్దప్రయోగము కాదు. నేర్చుకొనుచున్న బాలిక తడఁబాటును జూపుట ఇట్టి యనుకరణమే.

బాలిక యనుకరింపలేదు, నిజముగనే యశక్తురాలు గదా యందురేని, వినుఁడు. ఆడువాఁ డొకఁడు, ఆడించువాఁడు వేఱొకఁడు అయినపుడు ప్రయోజకుఁడును గర్త యగునని వైయాకరణుల సిద్ధాంతము. చిత్రమున ననుకరించువాఁడు దర్శకుఁడు. బాలిక యాతని ప్రయోజ్యకర్త. అయినను నీ సమాధానము శిక్షాఘట్టములకే చెల్లును. వనజను సిద్ధనర్తకిగా నంగీకరింపుఁడని చిత్రము కోరుచోట్ల ననుకరణమను సాకు చెల్లదు. అచట లోపము లోపమే.

దీనికంటెఁ బెద్ద లోపము శేఖరుని పాత్రయందున్నది. శకారునకు శూద్రకుఁడు ప్రత్యేకమైన భాషను, సకారమునకు శకారమును బలుకు నోటిని, తెలిసీతెలియని పురాణజ్ఞానమును ఇచ్చి సజీవునిఁ జేసినాఁడు. శేఖరునకు యౌవనము, అధికారము, ఒక యవమానము మాత్రమే యున్నవి. ఇంత దారుణమునకు వాని మనస్సు క్రమక్రమముగా దిగజాఱిన వైనమును మఱికొంత చూపినచో రమాదేవి సంకటమును మఱింత పదునెక్కియుండెడిది.

విద్యను దానమని వ్యవహరించుట మన వాడుక. దాత మనసు మాఱినచోఁ బనిని, కూటిని, నీడను దిరిగి పుచ్చుకొనవచ్చును. బిడ్డనైనను బలముచేఁ జేకొనవచ్చును. కాలికి వచ్చిన జతిని మాత్రము పుచ్చుకొనలేఁడు. రమాదేవి యింట వనజకు దక్కినవానిలో మరల లాగుకొన వలనుపడనిది యిదొక్కటియే. ఇందుచేతనే యీ కథలో నాట్యము నేరమునకు నలంకారము కాక, దానికిఁ బ్రతివాదమైనది. వస్త్వైక్యము చెడలేదు. చెప్పిన లోపములతోఁ గూడినదయ్యు, 'వనజ' దృశ్యకావ్యముగాఁ బరిశీలించుటకు యోగ్యమైన కృతి యని నా నిర్ణయము.