పాసయినవారూ, పోయినవారూ

వైద్యం చదివే రోజుల్లో మేము పెద్ద మాటలకు ఎన్నడూ భయపడలేదు. గ్రీకు, లాటిను ధాతువులు అతుక్కుని ఏర్పడిన బారెడు పొడుగు రోగనామానికి ఒక్కటే అర్థం. ఒకసారి బట్టీపడితే జన్మంతా అదే అర్థం. ఈ దేశం వచ్చాక మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టినవి చిన్న మాటలు. గెట్, టేక్, సెట్, రన్, పాస్. వీటిలో ఒక్క 'పాస్' అనే మాటను తీసుకుని, నిఘంటువులు దాన్ని మనకు ఎంతవరకు నేర్పుతున్నాయి, ఎక్కడ చేతులెత్తేస్తున్నాయి అన్నది పరిశీలించాలని ఈ వ్యాసం. మేము భాషాశాస్త్రజ్ఞులం కాము. రోగులు చెప్పే మాటలు వినడం మా వృత్తి. ఆ అర్హతతోనే రాస్తున్నాము.

'పాస్' మనకు కొత్త మాట కాదు. ఇంగ్లీషు రాని మన తాతలు కూడా మనవడు పరీక్ష పాసయ్యాడనీ, అసెంబ్లీలో బిల్లు పాసయిందనీ అన్నారు. బస్సు పాసు, గేటు పాసు మన ఊళ్ళలో అందరి నోటా ఉన్నవే. చిక్కంతా అక్కడే ఉంది. తెలియని మాటకు నిఘంటువు తీస్తాం గాని, తెలిసిన మాటకు ఎవరు తీస్తారు?

ఇక్కడికి వచ్చాక ఆ మాట వేయి ముఖాలు చూపించింది. ఆసుపత్రిలో రోగి నీరు పాస్ చేస్తాడు, గాలి పాస్ చేస్తాడు. మేము అతని ముక్కులోంచి కడుపులోకి గొట్టం పాస్ చేస్తాము. భోజనాల బల్ల దగ్గర ఉప్పు పాస్ చెయ్యమంటారు. ఇంకాస్త వడ్డించమంటారా అని అడిగితే 'ఐ విల్ పాస్' అంటారు. అంటే వద్దని. కొండల నడుమ దారి కూడా పాసే, మనం కనుమ అంటాం. బడిలో పిల్లవాడు తరగతి విడిచి బయటికి వెళ్ళాలంటే హాల్ పాస్ కావాలి. ఇక 'పాస్‌డ్ ఔట్' సంగతి సరేసరి. మన దృష్టిలో అది కాలేజీ చదువు ముగించడం. బ్రిటిష్ సైన్యంలో శిక్షణ ముగిసినప్పుడు జరిపే కవాతును ఇప్పటికీ 'పాసింగ్ ఔట్ పెరేడ్' అనే అంటారు. అమెరికనుకు మాత్రం అది స్పృహతప్పి పడిపోవడం. ఫలానా ఏడాది వైద్యకళాశాలలో 'పాస్‌డ్ ఔట్' అయ్యానని ఇంటర్వ్యూలో గర్వంగా చెప్పి, ఎదుటివారు నవ్వు ఆపుకోవడం చూసినవారు మనలో చాలామందే ఉంటారు.

ఇంతవరకు నవ్వుకోదగ్గ విషయాలే. నవ్వుకోలేనిది ఒకటుంది.

మేము రెసిడెన్సీలో చేరిన మొదటి ఏడు. డెబ్బై దాటిన ఒక పెద్దాయన మూత్రపిండంలో చిన్న రాయితో వచ్చాడు. చిన్నది కాబట్టి దానంతటదే పడిపోతుందనీ, నీళ్ళు బాగా తాగమనీ, పడిన రాయిని జల్లెడలో పట్టి దాచి ఉంచమనీ చెప్పి పంపించాము. వారం తరువాత ఇంటికి ఫోన్ చేశాము. ఆయన కూతురు పలికింది. నాన్నగారు ఎలా ఉన్నారని అడిగితే, ఆవిడ మెల్లిగా 'హీ పాస్‌డ్, ట్యూస్‌డే మార్నింగ్' అంది. మేము ఉత్సాహంగా 'వెరీ గుడ్! దాచి ఉంచారా? పరీక్షకు పంపాలి, తీసుకురండి' అన్నాము.

అవతల చాలాసేపు మాట లేదు. తరువాత ఆవిడ, 'డాక్టర్, మా నాన్న చనిపోయారని చెబుతున్నాను' అంది. గుండెపోటట. మేము ఎన్నిసార్లు క్షమాపణ చెప్పుకున్నామో గుర్తులేదు. ఆవిడ కోప్పడలేదు. ఆవిడ కోప్పడి ఉంటే కొంత తేలికగా ఉండేదేమో.

ఆ రాత్రి సూట్‌కేసు అడుగున ఉన్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తీశాము. దాటు, గడచు, జరుగు, చెల్లు, అందించు, ఉత్తీర్ణుడగు అంటూ మాటలన్నీ ఒకే వరుసలో, సమాన హోదాలో నిలబడి ఉన్నాయి. మరణించు అన్నది 'పాస్ అవే' కింద వేరుగా ఉంది. ఆవిడ 'అవే' అనలేదు. ఈ దేశపు దక్షిణాదిన, ముఖ్యంగా నల్లజాతివారి ఇళ్ళలో, ఒక్క 'పాస్‌డ్' చాలు. ఆ సంగతి మా నిఘంటువుకు తెలియదు. అయితే దాని అసలు లోపం ఒక అర్థం తప్పిపోవడం కాదు. ఏ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటారో అది చెప్పదు. మందుల కొట్లో సీసాలన్నీ వరుసగా పేర్చి, ఏది ఏ జబ్బుకో రాయకుండా వదిలినట్టుంటుంది.

ఈ లోపాన్ని గుర్తించినవారు లేకపోలేదు. జపానులో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ, పరాయిభాషగా ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం ఇద్దరు సహచరులతో కలిసి చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డు వారు దాన్ని వేశారు. తరువాత ముద్రణలలో మనలో చాలామంది చదువుకున్నది దాన్నే. క్రియకు కర్మ ఉందా లేదా, వాక్యంలో ఎక్కడ కూర్చుంటుంది అన్నది హార్న్‌బీ పట్టుబట్టి చూపించాడు. అప్పుడు అదంతా వ్యాకరణం గొడవ అనుకుని దాటేశాము. కాని మా తప్పుకు మందు అక్కడే ఉంది. రాయి పడితే 'హీ పాస్‌డ్ ఇట్' అనాలి. మనిషి పోతే 'హీ పాస్‌డ్'. ఆ 'ఇట్' అనే రెండక్షరాల మాట లేకపోవడంలోనే ఒక మరణవార్త ఉంది. మా చెవి దాన్ని పట్టుకోలేదు.

1987లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ సింక్లెయర్ నాయకత్వాన వచ్చిన కోబిల్డ్ నిఘంటువు ఇంకో అడుగు ముందుకు వేసింది. జనం వాడిన వాక్యాలను కంప్యూటరులో పోగుచేసి, అర్థాన్ని కూడా పూర్తి వాక్యంలో చెప్పింది. మాట పక్కన మనిషి కనిపిస్తాడు. ఇన్నింటిలోనూ కొత్తగా వచ్చినవాడికి మేము చేతికిచ్చేది ఇలాంటి పుస్తకమే. అయినా దానికీ ఒక కొరత ఉంది. ఇంగ్లీషును ఇంగ్లీషుతోనే చెబుతుంది. తెలుగువాడి చెవిలో అప్పటికే ఏముందో దానికి తెలియదు.

మరి తెలుగువాడి చెవిలో ఏముంది? మర్నాడు ఊళ్ళో ఉన్న మా అమ్మతో ఈ సంగతి చెప్పుకుని బాధపడ్డాము. అంతా విని, 'నాన్న పోయారని ఆ పిల్ల చెబితే, ఎక్కడికమ్మా అని అడిగినట్టుందిరా నీ వరస' అంది.

అమ్మకు ఇంగ్లీషు రాదు. హార్న్‌బీ పేరు వినలేదు. కాని ఆ మాట లోపలి సంగతి చెప్పింది. 'పాస్' ఫ్రెంచి మీదుగా వచ్చిన లాటిను మాట. మూలమైన 'పాసుస్' అంటే అడుగు. అడుగు వేసి ముందుకు సాగడం దాని మొదటి భావం. మనల్ని ఇక్కడికి తెచ్చిన పాస్‌పోర్టులో ఉన్నదీ అదే. మనం రాసిన వైద్య పరీక్షల పేరే 'స్టెప్', అంటే అడుగు. 2022 నుండి మొదటి స్టెప్పుకు మార్కులు తీసేసి పాసా ఫెయిలా అని మాత్రమే చెబుతున్నారు. ఇక మన 'పోవు' కూడా అడుగు వేసి సాగేదే కదా! డబ్బు పోయింది, కరెంటు పోయింది, పరువు పోయింది, రక్తం పోతోంది, తాతగారు పోయారు. 'లెట్ ఇట్ పాస్' అని వాళ్ళంటే మనం 'పోనీ' అంటాం. రాయి పోతే 'పోయింది', పెద్దాయన పోతే 'పోయారు'. ఇంగ్లీషులో 'ఇట్' చేసిన పనిని మన క్రియ చివరి ప్రత్యయం చేస్తుంది. ఇంత సామగ్రి ఇంట్లో పెట్టుకుని మేము సూట్‌కేసు వెతుక్కున్నాము.

సి.పి. బ్రౌన్ దొరకు ఈ సంగతి తెలుసు. 1852లో వచ్చిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో వాడుక మాటలకు చోటిచ్చాడు, ప్రయోగాలు చూపాడు. ఆక్స్‌ఫర్డు పెద్ద నిఘంటువు మొదటి భాగం వెలువడిన 1884లోనే ఆయన లండనులో పోయారు. ఇంగ్లీషువాడు తెలుగు నేర్చుకోవడానికి ఆయన పడ్డ శ్రమలో కొంతైనా, తెలుగువాడు ఇంగ్లీషు పలుకుబడి నేర్చుకోవడానికి ఎవరైనా పడితే బాగుండునని మా కోరిక.

చివరగా మన పిల్లల మాట. వాళ్ళది మన అవస్థకు తిరగేసిన అవస్థ. ఆ మధ్య మా అమ్మాయి, ఇంటికి వచ్చిన మిత్రులతో 'మా నాన్న అందరికీ ప్రాణం పోతాడు' అంది. పోస్తాడు అనాలని దాని ఉద్దేశం. 'పోయు' వేరు, 'పోవు' వేరు. ప్రాణం పోయడానికీ, ప్రాణం పోవడానికీ మధ్య ఉన్నది ఒక్క సకారం. అందరూ పగలబడి నవ్వారు. అది లోపలికి వెళ్ళిపోయి, ఆ రోజంతా తెలుగులో మాట్లాడలేదు. ఫోనులో మా తప్పు విని కూడా కోప్పడని ఆవిడ మాకు అప్పుడు గుర్తుకు వచ్చింది.

మన ఆదివారం బడిలో మాటకు ఒక అర్థం చొప్పున రాయించే పద్ధతి మానెయ్యమని మా మనవి. ఒక వారమంతా 'పోవు' ఒక్కటే చెప్పండి. కరెంటు పోయిన ఇంట్లో, జ్వరం పోయిన ఒంట్లో, తాత పోయిన ఊళ్ళో ఆ మాటను చూపించండి. పిల్లలు తప్పు పలికితే ముందు వినండి, తరువాత దిద్దండి. పెద్దలకు కూడా ఒక విన్నపం. ఇలా మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన చిన్న మాటలను, సందర్భంతో సహా రాసి పంపండి. వచ్చే సంచికల్లో వేసుకుందాం. ఇక్కడికి కొత్తగా వచ్చే కుర్ర డాక్టర్లలో ఒకరికైనా మాకు జరిగినట్టు జరగకుండా ఉంటుంది.